సిగరెట్ మానేశాక వేప్ సతాయిస్తోందా? ముందు స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి

ఈ ఎపిసోడ్ చాలా రోజుల నుంచి పెండింగ్‌లో ఉంది. యూకేలో చదువుకుంటున్న, జాబ్ చేస్తున్న మన తమ్ముళ్ళు కొంతమంది ఒకే రకం మెసేజ్ పెడుతున్నారు. "అన్నా, సిగరెట్ మానేసి వేప్‌కి మారాను. కానీ ఈ మిషన్‌తో చస్తున్నా. జేబులో కారుతోంది, మాడు వాసన వస్తోంది, ఛార్జింగ్ నిలబడట్లేదు. దీనికంటే సిగరెట్టే నయం అనిపిస్తోంది."

ఆ చివరి లైన్ చదివాక ఇంక వాయిదా వేయలేకపోయా. ఎందుకంటే ఆ మాట నేనూ ఒకరోజు అనుకున్నా. అనుకుని ఊరుకోలేదు, వెళ్ళి ప్యాకెట్ కొనుక్కున్నా. ఆ కథ చెప్తా, ఆ మిషన్ రిపేర్లూ చెప్తా. చివరి దాకా ఉండండి, ఎందుకంటే అసలు పాయింట్ చివర్లో ఉంది.

మొదలుపెట్టే ముందు మూడు మాటలు. ఒకటి, సిగరెట్ అలవాటు లేనివాళ్ళు ఈ వీడియో చూసి వేప్ మొదలుపెట్టకండి. ఇది ఫ్యాషన్ వీడియో కాదు. యూకేలో అయినా 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అమ్మడం నేరం. రెండు, ఇండియాలో ఉన్నవాళ్ళకి: ఇక్కడ 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. నిల్వ కాకుండా మిగతావాటికి మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి ఇక్కడ ఎక్కడ దొరుకుతుందని నన్ను అడగకండి. మీ కోసం వేరే దారి చివర్లో చెప్తా. మూడు, నేను డాక్టర్‌ని కాను. బీటెక్ చేసి, నాలుగేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాడిని. నాకు తెలిసింది డీబగ్ చేయడం. అదే చేద్దాం.

నా కథ క్లుప్తంగా చెప్తా. మాది గుంటూరు. నాన్న ఆర్టీసీ డ్రైవర్. నేను సిగరెట్ మొదలుపెట్టింది బీటెక్ సెకండ్ ఇయర్‌లో, కాలేజీ గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర. రోజుకి ఒకటి, అదీ ఫ్రెండ్ ఇస్తేనే. 2019లో మాదాపూర్‌లో జాబ్ వచ్చాక రోజుకి పది. బిల్డ్ ఫెయిల్ అయితే ఒకటి, పాస్ అయితే ఒకటి. 2022లో ప్రాజెక్ట్ మీద యూకే వెళ్ళా, కొవెంట్రీకి. అక్కడ ప్యాకెట్ రేటు చూశాక కళ్ళు తిరిగాయి. మనలాగా లూజ్ అమ్మరు. పది సిగరెట్ల ప్యాకెట్ కూడా ఉండదు, 2017 నుంచి కనీసం 20 ఉండాలని రూల్. ఒక ప్యాకెట్ పన్నెండు, పదమూడు పౌండ్లు.

దానికి తోడు దగ్గు. వీడియో కాల్‌లో అమ్మ "చలి పడట్లేదా నాన్నా" అనేది. పక్కన నాన్న ఏమీ అనేవాడు కాదు, ఊరికే చూసేవాడు. ఆయన ముప్పై ఏళ్ళు కాల్చి, స్టెంట్ వేశాక మానేసిన మనిషి. ఆ దగ్గు ఏ దగ్గో ఆయనకి తెలుసు. అందుకే మానేయాలని డిసైడ్ అయ్యా. అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళు సిగరెట్ తాగేవాళ్ళకి మానడానికి ఒక దారిగా వేప్‌ని కూడా చెప్తారు. వాళ్ళ మాట సింపుల్: సిగరెట్ కంటే హాని తక్కువ, కానీ హాని లేనిదేమీ కాదు. తాగనివాళ్ళు ముట్టుకోవద్దు. సిగరెట్‌లో ఆకు కాలుతుంది, తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. వేప్‌లో కాలదు, లిక్విడ్ వేడెక్కి ఆవిరవుతుంది. అంతే తేడా. నికోటిన్ అలవాటు మాత్రం అలాగే ఉంటుంది.

సరే, ఇప్పుడు మిషన్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది తెలిస్తే సగం సమస్యలు మీకే అర్థమవుతాయి. ఇంట్లో దీపం గుర్తుతెచ్చుకోండి. ప్రమిద, నూనె, వత్తి. వేప్‌లో ప్రమిద అంటే పాడ్ లేదా ట్యాంక్. యూకే రూల్ ప్రకారం అది 2 మిల్లీలీటర్లు దాటకూడదు. నూనె అంటే లిక్విడ్. వత్తి అంటే కాయిల్ లోపల ఉండే దూది. ఆ దూది దగ్గరే సన్నటి లోహపు తీగ ఉంటుంది. బ్యాటరీ ఆ తీగని వేడి చేస్తుంది, దూదిలోని లిక్విడ్ ఆవిరవుతుంది. వత్తికి నూనె అందకపోతే ఏమవుతుంది? వత్తే కాలుతుంది. అంతే, మొదటి బగ్ వచ్చేసింది.

బగ్ నంబర్ 1: మాడు రుచి. పీల్చగానే గొంతులో కాలిన గుడ్డ పెట్టినట్టు ఉంటుంది. కారణాలు నాలుగు. కొత్త కాయిల్ వేసి వెంటనే పీల్చారు. దూది ఇంకా తడవలేదు. లిక్విడ్ నింపాక పది నిమిషాలు పక్కన పెట్టండి, బియ్యం నానబెట్టినట్టు నానబెట్టాలి. రెండోది, ఆగకుండా గుక్క మీద గుక్క పీలుస్తున్నారు. దూది మళ్ళీ తడవడానికి టైమ్ ఇవ్వట్లేదు. గుక్కకీ గుక్కకీ మధ్య అర నిమిషం ఆగండి. మూడోది, వాట్లు ఎక్కువ పెట్టారు. కాయిల్ మీదే ఎన్ని వాట్ల వరకు అని రాసి ఉంటుంది. తక్కువ నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. నాలుగోది, కాయిల్ అయిపోయింది. ఒకటి రెండు వారాలు వాడాక ఏ కాయిల్ అయినా పోతుంది. బాగా తియ్యగా ఉండే ఫ్లేవర్లు అయితే ఇంకా ముందే పోతుంది, ఆ తీపి తీగ మీద మాడి నల్లగా పేరుకుంటుంది. ఒకసారి దూది మాడిందా, ఇక కడిగినా బాగుపడదు. మార్చేయాలి. ఎలాగో సర్దుకుని ఆ మాడునే పీల్చకండి. లిక్విడ్ లేకుండా దూది అతిగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. సిగరెట్ మానింది వాటి కోసం కాదు కదా.

బగ్ నంబర్ 2: కారడం. జేబు జిగటగా అయిపోతుంది. ముందు మీ లిక్విడ్ బాటిల్ మీద చూడండి, వీజీ ఎంత, పీజీ ఎంత అని ఉంటుంది. వీజీ అంటే వెజిటబుల్ గ్లిజరిన్, చిక్కగా ఉంటుంది. పీజీ అంటే ప్రొపిలీన్ గ్లైకాల్, పల్చగా ఉంటుంది. చిన్న పాడ్‌లకి సగం సగం ఉన్నది సరిపోతుంది. పెద్ద మిషన్‌లో పల్చటిది పోస్తే కారుతుంది. చిన్న పాడ్‌లో 70 శాతం వీజీ పోస్తే దూదికి ఎక్కదు, మాడుతుంది. పాయసం స్ట్రాతో తాగినట్టు. ఇంకా, అంచు దాకా నింపకండి, కొంచెం ఖాళీ వదలండి. రబ్బర్ రింగ్ సరిగ్గా కూర్చుందో చూడండి. పడుకోబెట్టకండి, నిలబెట్టి ఉంచండి. కొత్తగా మారినవాళ్ళు చేసే ఇంకో తప్పు, సిగరెట్ లాగినట్టు గట్టిగా లాగడం. మెల్లగా, కొంచెం ఎక్కువసేపు పీల్చాలి. గట్టిగా లాగితే లిక్విడ్ కాయిల్‌లోకి వరదలా వచ్చేస్తుంది.

బగ్ నంబర్ 3: గుడగుడ శబ్దం, నోట్లోకి చుక్కలు. హుక్కా పీల్చినట్టు సౌండ్ వస్తుంది. కాయిల్‌లో లిక్విడ్ ఎక్కువైందన్నమాట. పాడ్ బయటికి తీసి, కింద టిష్యూ పెట్టి, థర్మామీటర్ విదిలించినట్టు నాలుగుసార్లు విదిలించండి. గొట్టం లోపల టిష్యూ కొసతో తుడవండి. చాలావరకు అక్కడితో అయిపోతుంది.

బగ్ నంబర్ 4: లైట్ మిణుకుమిణుకుమంటుంది, పొగ రాదు. లేదా స్క్రీన్ మీద 'చెక్ అటామైజర్' అని వస్తుంది. మన భాషలో చెప్పాలంటే కనెక్షన్ ఎర్రర్. పాడ్ తీసి చూస్తే బ్యాటరీ వైపు చిన్న బంగారు రంగు పిన్నులు ఉంటాయి. వాటి మీద లిక్విడ్ పేరుకుని ఉంటుంది. పొడి టిష్యూతో తుడవండి. కాయిల్ విడిగా ఉండే మోడల్ అయితే తీసి మళ్ళీ గట్టిగా బిగించండి. పీలిస్తే దానంతటదే ఆన్ అయ్యే మోడల్స్‌లో గాలి రంధ్రం దగ్గర సెన్సర్ ఉంటుంది. అది తడిసినా ఆన్ అవదు, లేదంటే ఆగకుండా కాలుతూ ఉంటుంది. అలా దానంతటదే కాలుతుంటే వెంటనే పాడ్ పీకేయండి. ఆరబెట్టాక కూడా అలాగే ఉంటే ఆ మిషన్‌ని వదిలేయండి.

బగ్ నంబర్ 5: బ్యాటరీ. ఇది బగ్ కాదు, సేఫ్టీ. లోపల ఉన్నది మీ ఫోన్‌లో ఉన్నలాంటి లిథియం అయాన్ బ్యాటరీనే. కంపెనీ చెప్పిన ఛార్జరే వాడండి. ఫోన్ ఫాస్ట్ ఛార్జర్ పెట్టి, దిండు పక్కన పెట్టుకుని నిద్రపోకండి. ఉబ్బినా, చెడు వాసన వచ్చినా, కింద పడి సొట్ట పోయినా వాడకండి. విడి బ్యాటరీలు ఉండే మోడల్ అయితే తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేయకండి, షార్ట్ అవుతుంది. చెత్తబుట్టలో కూడా వేయకండి, షాపుల్లో రీసైక్లింగ్ డబ్బా ఉంటుంది. ఇంకో మాట, లిక్విడ్ బాటిల్ చిన్నపిల్లలకి అందకూడదు. నికోటిన్ తాగితే విషమే. షేరింగ్ ఇంట్లో ఎవరి పిల్లలైనా ఉంటే మరీ జాగ్రత్త.

బగ్ నంబర్ 6 చాలామందికి బగ్ అని కూడా తెలియదు. మిషన్ బాగానే ఉంటుంది, కానీ తృప్తి ఉండదు. గదంతా పొగ, అయినా సిగరెట్ కావాలనిపిస్తుంది. నేను మొదట చేసింది ఇదే. వీడియోల్లో చూసి పెద్ద మిషన్ కొన్నా, 3 మిల్లీగ్రాముల లిక్విడ్ పోశా. రోజుకి పది కాల్చేవాడికి ఆ చిన్న గుక్కలతో 3 ఎక్కడ ఆనుతుంది? షాపులో ఒక పెద్దాయన చూసి నవ్వి, చిన్న పాడ్, 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ ఇచ్చాడు. యూకేలో అదే గరిష్ఠ పరిమితి, మిల్లీలీటర్‌కి 20. ఆ రోజు నుంచి సిగరెట్ గుర్తు రావడం తగ్గింది. అలాగని అందరికీ 20 అక్కర్లేదు. తల తిరగడం, వికారం, గుండె దడ వస్తే ఎక్కువైందని అర్థం. ఆపి, తక్కువదానికి మారండి. ఛాతీలో నొప్పి, ఆయాసం లాంటివి ఉంటే ట్రబుల్‌షూటింగ్ నాతో కాదు, డాక్టర్‌తో.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. మానేసి ఏడు వారాలు. ప్రొడక్షన్‌లో ఇష్యూ, ఇండియా టీమ్ నిద్రపోయింది, నేనొక్కడినే కాల్‌లో. రాత్రి పదిన్నరకి పాడ్ మాడింది. స్పేర్ ఉందేమోనని డ్రాయర్ చూశా, లేదు. అదే ఆఖరిది. వేప్ షాపు సాయంత్రం ఆరుకే మూసేశారు. వీధి చివర కొట్టు మాత్రం పదకొండు దాకా ఉంటుంది, అక్కడ నా పాడ్ దొరకదు. కానీ కౌంటర్ వెనక షట్టర్ జరిపితే సిగరెట్లు ఉంటాయి. నేను పాడ్ కోసమే వెళ్తున్నా అని నాకు నేను చెప్పుకుంటూ జాకెట్ వేసుకున్నా. నిజం మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక్కటే కాలుద్దామనుకున్నా. కానీ ఒక్కటి అమ్మరు కదా, 20 కొనాలి. కొన్నాక పారేయడానికి మనసొప్పదు, పదమూడు పౌండ్లు. అలా ఒక్కటి కాస్తా నాలుగు రోజుల్లో ఇరవై అయ్యాయి. ఏడు వారాలు బూడిద. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

ఐదో రోజు నాన్న ఫోన్ చేశాడు. మామూలుగా అమ్మ ఫోన్‌లోంచి మాట్లాడతాడు, ఆ రోజు ఆయనే చేశాడు. "మళ్ళీ దగ్గుతున్నావట, అమ్మ చెప్పింది" అన్నాడు. దాచలేకపోయా. మిషన్ పాడైంది నాన్నా, షాపు మూసేశారు, అందుకే అని మొత్తం చెప్పా. నాన్న తిట్టలేదు. కాసేపు ఆగి, "మిషన్ పాడైతే నువ్వెందుకు పాడవుతావురా?" అన్నాడు. తర్వాత ఆయనే, "స్టెప్నీ చూసుకోకుండా బండి తీశావు. దారిలో పంక్చర్ అయితే టైరుది తప్పా, డ్రైవర్‌ది తప్పా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గేసింది. రోజంతా సర్వర్‌కి బ్యాకప్, డేటాబేస్‌కి బ్యాకప్ అని మీటింగుల్లో మాట్లాడతా. ఒక్క పాయింట్ ఫెయిలైతే సిస్టమ్ మొత్తం పడిపోకూడదని జూనియర్లకి క్లాస్ పీకుతా. నా సొంత ఊపిరితిత్తులకి మాత్రం బ్యాకప్ లేదు. ఇంకో విషయం ఆలోచించండి. సిగరెట్ ఎప్పుడూ పాడవదు. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, కాయిల్ అక్కర్లేదు, అర్ధరాత్రి కూడా దొరుకుతుంది. వేప్‌కి మాత్రం వందసార్లు రిపేర్ వస్తుంది. అందుకే చాలామంది పడిపోయేది కోరిక ఎక్కువై కాదు, మిషన్ మొరాయించిన ఆ పది నిమిషాల్లో. కోరిక అనేది కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ కొన్ని నిమిషాలు దాటించేదే స్టెప్నీ.

నేను పెట్టుకున్న స్టెప్నీ లిస్ట్ ఇది. రెండు కొత్త పాడ్‌లు ఎప్పుడూ డ్రాయర్‌లో. ఒకటి తీస్తే ఆ రోజే ఇంకోటి కొనాలి. రెండో చిన్న మిషన్, ఖరీదైనది కాదు, ఛార్జ్ చేసి ఉంచాలి. 10 మిల్లీలీటర్ల లిక్విడ్ ఒకటి సీల్ తీయకుండా. యూకేలో నికోటిన్ బాటిల్ అంతకంటే పెద్దది అమ్మరు కూడా. ఇవన్నీ ఫెయిలైతే ఏ కరెంటూ అక్కర్లేనిది ఒకటి, నికోటిన్ గమ్ షీటు ఒకటి పర్సులో. 2025 జూన్ 1 నుంచి యూకేలో ఒకసారి వాడి పారేసే వేప్‌లు అమ్మడం నిషేధం కాబట్టి, "కార్నర్ షాప్‌లో ఒకటి కొనేస్తాలే" అనే ఆప్షన్ కూడా ఇప్పుడు లేదు. స్టెప్నీ ఇంకా ముఖ్యం అన్నమాట.

ఆ తర్వాత కూడా నా మిషన్ చాలాసార్లు పాడైంది. కారింది, మాడింది, ఒకసారి వాషింగ్ మెషిన్‌లోకి కూడా పోయింది. కానీ నేను ఆ కొట్టుకి వెళ్ళలేదు.

ఇక చివరి ఫిక్స్. ఇదే అసలు పాయింట్. 2023 ఆఖర్లో నా ప్రాజెక్ట్ అయిపోతోంది, ఇండియా వచ్చేయాలి. ఇక్కడ వేప్ దిగుమతి నిషేధం. అంటే టికెట్ తేదీయే నా డెడ్‌లైన్. నాలుగు నెలల ముందు మొదలుపెట్టా. 20 నుంచి 10, తర్వాత 5, తర్వాత సున్నా. ప్రతి మెట్టు మీద కనీసం మూడు వారాలు. ఒక్కటే రూల్: తగ్గించినప్పుడు సిగరెట్ మీదకి మనసు పోతే మళ్ళీ ఒక మెట్టు ఎక్కాలి, సిగ్గుపడకూడదు. నేను 5 నుంచి ఒకసారి 10కి వెనక్కి వెళ్ళా. ఫ్లైట్‌కి పది రోజుల ముందు మిషన్లు రెండూ షాపులో రీసైక్లింగ్ డబ్బాలో వేసేశా. డీబగ్ చేయాల్సిన కోడ్ అంతా తీసేస్తే బగ్‌లే ఉండవు కదా.

శంషాబాద్‌లో దిగిన మూడో రోజు మాదాపూర్‌లో పాత ఫ్రెండ్స్, అదే టీ కొట్టు. ప్యాకెట్ చాచారు. చేతులు ఏం చేయాలో తెలియలేదు. గమ్ తీసి వేసుకున్నా. ఒకడు "ఏంట్రా, పాన్ పరాగా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వా. టీ చల్లారిపోయింది, అంతే. ఏమీ కాలేదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి చెప్తానన్న దారి ఇదే. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. కానీ బబుల్‌గమ్‌లా నమలకండి. నాలుగైదుసార్లు నమిలి, ఘాటు తగలగానే బుగ్గలో పెట్టి ఆపాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగాక పావుగంట ఆగి వేసుకోండి, లేదంటే సరిగ్గా పనిచేయదు. కేంద్ర ప్రభుత్వం క్విట్‌లైన్ ఉంది, టోల్ ఫ్రీ, 1800-11-2356. గుండె జబ్బు, ప్రెగ్నెన్సీ లాంటివి ఉంటే డాక్టర్‌ని అడిగే ఏదైనా మొదలుపెట్టండి.

అంతేనండి. ఇవాళ వేప్ వాడుతున్న తమ్ముళ్ళకి ఒకటే పని చెప్తున్నా. ఈ వీడియో ఆపగానే మీ డ్రాయర్ తీసి చూడండి. స్పేర్ కాయిల్ ఉందా లేదా? లేకపోతే షాపు మూసేలోపు వెళ్ళి తెచ్చుకోండి. తర్వాత క్యాలెండర్‌లో ఒక తేదీ పెట్టుకోండి, ఆ మిషన్ కూడా వదిలేసే తేదీ. ఆల్రెడీ జారిపోయి మళ్ళీ ప్యాకెట్ కొన్నవాళ్ళుంటే, మిగిలినవి లెక్కపెట్టకుండా నీళ్ళలో పడేయండి. డబ్బులు పోయాయని నాలుగు రోజులు ఏడ్చినవాడు చెప్తున్నాడు, వినండి.

నాన్న ఇప్పుడు రిటైర్ అయ్యాడు. మొన్న ఇంటికెళ్తే నా బండి చుట్టూ ఒక రౌండ్ వేసి, డిక్కీ తీసి చూసి, మళ్ళీ మూసేశాడు. స్టెప్నీ ఉంది. ఉంటానండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.